కిశోర్‌కి చెవులు నేనే

మార్చి 3, సోమవారం

పొద్దున్న కోపి తాగినాక కిశోర్ గిటారు తీసినాడు. కళ్ళు మూసుకొని ఒక పాట చివరంటా వాయించినాడు. అయ్యాక నా మొహంలోకి చూసి, "ఎలాగుంది?" అని అడిగినాడు.

"బాగుంది," అన్నాను.

బాగులేదు. తీగల సంగతి కాదు. వాటికి లైటు వెలిగే చిన్న మెషీనుంది, అది పచ్చగా వెలిగేదాకా తిప్పుకుంటాడు. వేళ్ళే తప్పుతున్నాయి. గిటారు మెడ మీద ఒక గడి అవతల పడితే తనకి తెలీదు. పాట ఒక దారి, చెయ్యి ఒక దారి.

ఈ మాట ఎవరితోనూ అనలేను. అందుకే రాయడం మొదలెట్టినాను. తెలుగులో రాస్తే ఈ ఇంట్లో చదివేవాళ్ళు లేరు. కిశోర్ మాట్లాడతాడు గాని అక్షరం రాదు. మా అమ్మాయి మేనకకి అర్థమవుతాది, మాట్లాడమంటే నవ్వేస్తాది. నాకు మాత్రం ఈ మలయ్ దేశంలోనే, సుంగై సిపుట్ రబ్బరు తోటలో మా నాన్న సాయంకాలాలు కూచోబెట్టి నేర్పినాడు. అరవై ఆరేళ్ళకి ఇలాగ పనికొచ్చినాది.

మార్చి 7, శుక్రవారం

పోయిన దీపావళి నాటికి చెవులు పూర్తిగా పోయినాయి. బ్యాండులో యాభై ఏళ్ళు స్పీకరు పెట్టెల పక్కన నిలబడినోడికి ఇంతకాలం వినపడడమే ఎక్కువన్నాడు డాక్టరు. నరమే చచ్చిపోయిందట, చెవికి మెషీను పెట్టినా లాభం లేదట. కిశోర్ ఆ మాట నా పెదాల మీదే చదివినాడు. "పోతే పోనీ, పాటలన్నీ లోపలున్నాయి కదా," అన్నాడు. గట్టిగా అన్నాడు. తన గొంతు తనకి వినపడదు కాబట్టి ఇప్పుడన్నీ గట్టిగానే అంటాడు.

మేనక మాట్లాడితే పెదాలు అందవు, తొందరెక్కువ. పక్క గుడిసె లియోంగ్ నోట్లో పళ్ళు లేవు, సగమే తెలుస్తాది, మిగతాది చిన్న తెల్ల బోర్డు మీద నల్ల పెన్నుతో రాసి చూపిస్తాడు. నా మాటొక్కటే ముక్క పోకుండా పట్టుకుంటాడు. చూపులన్నీ నా నోటి మీదే. పెళ్ళయిన కొత్తలో కూడా ఇంత చూడలేదు.

పెళ్ళంటే, మాకు పెళ్ళి అవలేదనుకో.

మార్చి 9, ఆదివారం

మళ్ళీ వాయించినాడు. మళ్ళీ బాగుందన్నాను.

మార్చి 16, ఆదివారం

లియోంగ్ తన డ్రమ్ములు ఎండలో పెట్టి తుడుస్తున్నాడు. ఉప్పు గాలికి ఇనుమంతా తుప్పు. నేను చేప బాగుచేస్తూ అతని గుడిసె ముందర కూచున్నాను.

"శాంతా, వాడికి నువ్వు చెప్పాలి లా," అన్నాడు మలయ్‌లో. మాట చివర ఆ 'లా' తగిలించనిదే ఇక్కడ ఎవరికీ తోచదు.

"ఏం చెప్పాలి?"

"ఏం చెప్పాలో నీకు తెలుసు."

చేప పొలుసు గీసినాను. లియోంగ్ మంచోడు. ఇపోలో టిన్ లాంటర్న్స్ అని బ్యాండు పెట్టిన నాటి నుంచీ కిశోర్ గిటారు, లియోంగ్ డ్రమ్ములు. పాడే అతను ఆస్ట్రేలియా పోయి బ్యాంకులో చేరినాడు. వీళ్ళిద్దరే మిగిలినారు. కాని ఒక మనిషికి ఉన్నదొకటే అయితే, అది లేదని చెప్పడం మంచితనమా?

ఒకప్పుడు బతు ఫెరింగి దాటినాక ఈ ఒడ్డంతా గుడిసెలే. డచ్చోళ్ళు, జర్మన్లు, ఇంగ్లీషోళ్ళు, ఇండియా మీదుగా బస్సుల్లో వచ్చినోళ్ళు. మాలాంటి ఊరోళ్ళు కొందరు. కారు బ్యాటరీకి స్పీకరు తగిలించి సముద్రం వైపు తిప్పి వాయించేవారు. యుద్ధాలుండవు, జాతులుండవు, ఎవడి దగ్గరున్నది అందరిదీ, అదంతా పాటతోనే అవుతాది అనుకున్నాం. నిజంగా అనుకున్నాం. గిటారు గట్టిగా మోగితే లోకం వింటాదని కిశోర్ చెబితే నేను నమ్మి సంచి పట్టుకొని బస్సెక్కినాను. పద్దెనిమిదేళ్ళ దాన్ని.

తరవాత మత్తుమందొచ్చినాది, పోలీసులొచ్చినారు. కొందరు పోయినారు, మిగిలినోళ్ళు వాళ్ళ దేశాలకెళ్ళి ఉద్యోగాల్లో చేరినారు. చివరగా ఉన్న డచ్చావిడ గుడిసెలో ఇప్పుడు కోళ్ళు పడుకుంటున్నాయి. మేం ముగ్గురం మిగిలినాం. ఈ గుడిసెలున్న తోట ఓనరు ముసలాయన, పొమ్మనడానికి మొహమాటపడి ఊరుకుంటున్నాడు.

మార్చి 30, ఉగాది

మేనక తను ఉద్యోగం చేసే సైబర్‌జయ నుంచి వచ్చినాది, హరి రాయ, అదే రంజాను పండగ, సెలవులు కలిసొచ్చినాయి. పచ్చడి చేసినాను. వేప్పువ్వు దొరకలేదు, వేపాకు చిదిమి వేసినాను. మేనక వేలితో నాకి మొహం చిట్లించినాది.

అన్నాలు తింటుండగా మొదలెట్టినాది. "అమ్మా, మీరు రెండు పేరు అక్కడ వచ్చీయండి. లిఫ్ట్ ఉంది, హాస్పిటల్ దగ్గర. ఇక్కడ ఏటి ఉంది, సొల్లు." దాని తెలుగు అంతే, సగం అరవం. రెండు పేరంటే ఇద్దరూ అని, సొల్లంటే చెప్పమని.

కిశోర్ నా వైపు చూసినాడు, ఏమంటోందని. నేను పెదాలతో చెప్పినాను. నవ్వినాడు.

"అక్కడ ఏడో అంతస్తులో నాను గిటారు వాయిస్తే పక్కింటోళ్ళు పోలీసుల్ని పిలుస్తారు," అన్నాడు. "ఇక్కడైతే సముద్రం. అదేటీ అనదు."

మేనక వంటింట్లోకి నా వెనకే వచ్చినాది. "నానా ఇంకా ప్లే పణ్ణుతాడా? ఎలా? చెవి లేదు కదా?"

"చాలా బాగా వాయిస్తాడు," అన్నాను. "అలవాటైన చెయ్యి."

ఆ మాట అంటున్నప్పుడు నాక్కూడా నిజమే అనిపించినాది.

ఏప్రిల్ 12, శనివారం

ఇవాళ ఒక మనిషి వచ్చినాడు. పేరు శివనేశన్, ముప్పై దాటినోడు, రోడ్డు మీది రిసార్టులో ప్రోగ్రాములు చూస్తాడు. వేసాక్, అదే బుద్ధ పౌర్ణమి, సెలవులకి అక్కడ హిప్పీ వారం చేస్తున్నారట. రంగురంగుల చొక్కాలు, పాత రాక్ పాటలు, ఒడ్డున దీపాలు. "నిజమైన హిప్పీలు ఇక్కడే ఉన్నారని మాకు ఇన్నాళ్ళూ తెలీదమ్మా," అన్నాడు అరవంలో. గోడ మీద టిన్ లాంటర్న్స్ ఫొటో చూసి అక్కడే ఉండిపోయినాడు. ఫొటోలో కిశోర్ జుట్టు భుజాల దాకా ఉంటాది. ఆ జుట్టుకే పోలీసులు పట్టుకెళ్ళి కత్తిరించినారు. మళ్ళీ పెంచితే గుమ్మం తొక్కొద్దన్నాడు వాళ్ళ నాన్న, తోటలో కూలీల మీద పెత్తనం చేసే కంగాణీ ఆయన. కిశోర్ మళ్ళీ పెంచినాడు. ఆయన పోయినప్పుడు కూడా పిలవలేదు.

"అంకుల్ ఇప్పుడు కూడా వాయిస్తారా?" అని అడిగినాడు శివనేశన్.

కిశోర్ నా నోటి వైపు చూస్తున్నాడు. ఏం అడిగినాడో చెప్పినాను. అతని మొహం ఎలా అయ్యిందో రాయలేను. లేచి నిలబడినాడు, చొక్కా సరిచేసుకున్నాడు.

"వాయిస్తారు," అన్నాను నేను. "కొంచెం చెవి మందం, అంతే."

కొంచెం అన్నాను.

ఏప్రిల్ 19, శనివారం

రోజంతా వాయిస్తున్నాడు. వేళ్ళు బొబ్బలెక్కినాయి. కొబ్బరినూనె రాసినాను. ఎన్నాళ్ళకో రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు.

ఏప్రిల్ 26, శనివారం

రిసార్టులో రిహార్సల్.

లియోంగ్ కర్రలు పట్టుకొని నాలుగు కొట్టి మొదలెట్టినాడు. కిశోర్ ఆ కర్రలు చూసి అందుకున్నాడు. మొదట రెండు వరసలు కుదిరినాయి. తరవాత ముందుకెళ్ళిపోయినాడు. లియోంగ్ పరుగెత్తి కలుసుకున్నాడు. మళ్ళీ కిశోర్ వెనకపడినాడు. సోలో వచ్చేసరికి అసలు వేరే గడుల్లో ఉన్నాడు. ఆ పెద్ద స్పీకర్లలో తప్పు కూడా పెద్దగా వినిపించినాది. కుర్చీలు సర్దుతున్న పనోళ్ళు ఆగి చూసినారు. ఒకడు నవ్వు ఆపుకోడానికి తల తిప్పేసినాడు.

కిశోర్‌కి చెమటలు. కళ్ళలో వెలుగు. నా వైపు చూసినాడు.

"బాగుంది," అన్నాను.

శివనేశన్ నన్నూ లియోంగ్‌నీ పక్కకి పిలిచినాడు. తిట్టలేదు. తిడితే బాగుండేది. "అమ్మా, అంకుల్‌ని వద్దనడానికి నాకు మనసు రావట్లేదు. పోస్టర్లో ఫొటో కూడా వేసేసినాం. ఒక పని చేద్దాం. కౌలాలంపూర్ నుంచి రుబిని అని ఒక అమ్మాయి వస్తాది, గిటారు బాగా వాయిస్తాది. తాటాకు తెర వెనక కూచోబెడతాం. అంకుల్ వైరు ఈ కొస ఆయన గిటారుకే ఉంటాది, ఆ కొస మాత్రం తగిలించం. ఆయనకి ఎలాగూ తెలీదు కదా."

"తప్పు లా," అన్నాడు లియోంగ్. "దానికంటే వద్దని చెప్పండి. వాడు తట్టుకుంటాడు."

ఇద్దరూ నా వైపు చూసినారు. అవతల కిశోర్ స్టేజీ మీద ఒక్కడే నిలబడి సముద్రాన్ని చూస్తా తీగలు మీటుకుంటున్నాడు. మళ్ళీ మళ్ళీ అదే తప్పు చోట.

"సరే, అలాగే కానీండి," అన్నాను.

ఏప్రిల్ 27, ఆదివారం

ఆలోచించి చూస్తే మంచిదే చేసినాను. ఎవరికి నష్టం? వినేవాళ్ళకి మంచి పాట వినపడతాది. తనకి తన పాట ఉంటాది.

లియోంగ్ పొద్దున్న కోపికి రాలేదు.

మే 4, ఆదివారం

మంచిదే చేసినాను.

మే 11, ఆదివారం

నిన్నటి సంగతి రాయాలి.

సాయంకాలం ఇంకా వెలుతురుండగానే తీసుకెళ్ళినారు. పువ్వుల చొక్కా ఇచ్చినారు, కొత్తది, ఇస్త్రీ మడత కూడా పోలేదు. తరవాత ఒక అమ్మాయి విగ్గు తెచ్చినాది. పొడుగు జుట్టు, నల్లగా, ప్లాస్టిక్ వాసన. నాకు ఒళ్ళు మండినాది. వద్దని నోరు తెరిచినాను. కిశోర్ అప్పటికే తీసి తన బట్ట తల మీద పెట్టేసుకున్నాడు. అద్దంలో ఇటూ అటూ చూసుకొని, "మా నాన్న సూస్తే మళ్ళీ గెంటేత్తాడు," అని పెద్దగా నవ్వినాడు. గదిలో అందరూ నవ్వినారు. నేనూ నవ్వినాను.

స్టేజీ ముందర ఇసకలో జనం. చాలామంది చిన్నవాళ్ళు, తలకి పువ్వుల పట్టీలు కట్టుకొని. టిక్కెట్టుతో పాటు ఇచ్చినారట.

లియోంగ్ నాలుగు కొట్టినాడు. తెర వెనక నుంచి గిటారు మొదలైనాది.

ఎంత బాగుందో చెప్పలేను. ఇపో హాల్లో నేను మొదటిసారి విన్నప్పుడు కిశోర్ చెయ్యి అలాగే ఉండేది. ఒక క్షణం నేనే మోసపోయినాను, తనే వాయిస్తున్నాడు అనుకున్నాను. జనం లేచి ఆడినారు. వాళ్ళు ఆడడం కిశోర్ చూసినాడు. కాళ్ళు, చేతులు, ఊగే తలలు, అవన్నీ చూసి వంగి, వెనక్కి వాలి, మోకాళ్ళ మీద కూచొని వాయించినాడు. డెబ్బై దాటినోడు. ఒక్క తీగ మోత బయటికి రావడం లేదు.

అయ్యాక చప్పట్లు. రెండు చేతులూ పైకెత్తినాడు. జనంలో నన్ను వెతుక్కొని నా నోటి వైపు చూసినాడు. అంత దూరం నుంచి.

"బాగుంది," అన్నాను. 

మేనక రాలేకపోయినాది, ఆఫీసులో ఏదో పని. రాకపోవడమే మేలైనాది.

వచ్చేటప్పుడు రుబిని నా దగ్గరికి వచ్చి చెయ్యి పట్టుకున్నాది. పాతికేళ్ళ పిల్ల. "ఆంటీ, తెర సందులోంచి అంకుల్ వేళ్ళే చూస్తా వాయించినాను. ఆయన ఎక్కడికి వెళ్ళాలనుకుంటున్నారో అక్కడికే వెళ్ళినాను," అన్నాది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నేను చెయ్యి విడిపించుకున్నాను. ఆ పిల్లతో నాకేం మాట?

మే 15, గురువారం

బాగున్నాడు. చాలా బాగున్నాడు. గడ్డం గీసుకుంటున్నాడు, ఒడ్డు వెంట నడుస్తున్నాడు. విగ్గు తిరిగివ్వలేదు, మేకుకి తగిలించినాడు.

"సూసినావా శాంతా, ఆ పిల్లలు ఎలాగ ఆడినారో? ఈ కాలం పిల్లలకి పట్టదన్నారు. పట్టినాది."

పట్టిందన్నాను.

మే 20, మంగళవారం

ప్రతి శనివారం వాయించనిమ్మని శివనేశన్‌ని అడుగుతానన్నాడు. కొత్త పాట కూడా కడుతున్నాడట. ఒడ్డు గురించి, పోయినోళ్ళ గురించి. నాకు వినిపించినాడు.

అందులో పాట లేదు. ఊరికే మోత.

"బాగుందా?"

"అన్నిటికంటే బాగుంది," అన్నాను. ఎందుకలా అన్నాను? మామూలుగా బాగుందంటే సరిపోను.

మే 24, శనివారం

మోటారుసైకిలేసుకొని రిసార్టుకెళ్ళి వచ్చినాడు. గేటు దగ్గర గార్డు లోపలికి పంపలేదట, శివనేశన్ లేడన్నాడట. "పనిలో ఉండుంటాడు," అన్నాడు కిశోర్.

నేను శివనేశన్‌కి ఫోను చేసినాను. పాపం మర్యాదగానే చెప్పినాడు. ఇంక అలాంటి ప్రోగ్రాములు లేవట, ఈసారి డిస్కో వారమట. "అంకుల్‌కి మీరే ఎలాగో సర్ది చెప్పండమ్మా."

ఎలాగో సర్ది చెప్పడమే కదా నా పని. వానలు తగ్గినాక మళ్ళీ పిలుస్తారంట అని చెప్పినాను.

జూన్ 1, ఆదివారం

రాయబుద్ధి కావట్లేదు.

జూన్ 2, సోమవారం

నిన్న మేనక వచ్చినాది. గుమ్మంలోంచే, "నానా, నువ్వు ఫేమస్ ఆయిపోయావ్," అని అరుచుకుంటా. పెద్ద టాబ్లెట్ తెచ్చినాది. రిసార్టోళ్ళు హిప్పీ వారం వీడియో పెట్టినారట, తన ఆఫీసులో అందరికీ చూపించినాదట. నాన్న పక్కన కూచొని పెట్టినాది. నేను బియ్యం కడుగుతున్నాను.

మొదట జనం. తరవాత కిశోర్, విగ్గు, పువ్వుల చొక్కా. తను నవ్వుకుంటా చూస్తున్నాడు. వీడియోలో నుంచి గిటారు చక్కగా మోగుతున్నాది, అది మేనకకీ నాకూ వినపడతాది. తనకి బొమ్మ ఒక్కటే.

అప్పుడు కెమెరా స్టేజీ చుట్టూ తిరిగి వెనక్కి వెళ్ళినాది. తాటాకు తెర. తెర వెనక స్టూలు మీద రుబిని, కళ్ళు సందులో పెట్టి, వేళ్ళు పరుగెడుతున్నాయి. ఆ పిల్ల కాళ్ళ దగ్గర కిశోర్ వైరు. కొస దేనికీ తగిలించి లేదు. కింద ఊరికే పడి ఉంది.

బియ్యం గిన్నె పట్టుకొని అలాగే నిలబడిపోయినాను.

కిశోర్ వేలితో మళ్ళీ వెనక్కి జరిపినాడు. చూసినాడు. మళ్ళీ జరిపినాడు.

"ఆ అమ్మాయి కూడా బ్యాండా నానా?" అని అడిగినాది మేనక. దానికేం తెలుసు. తను దాని నోటి వైపు చూడనే లేదు. టాబ్లెట్ దాని ఒళ్ళో పెట్టి, తల నిమిరి, "బాగుంది తల్లీ," అన్నాడు. లేచి బయటికెళ్ళిపోయినాడు. లియోంగ్ గుడిసె వైపు.

చాలాసేపటికి వచ్చినాడు. మేనక స్నానానికెళ్ళినాది. నా ఎదురుగా బల్ల మీద కూచున్నాడు. గట్టిగా కాదు, ఎలా తెలిసిందో ఏమో, నెమ్మదిగానే అడిగినాడు.

"ఆ వైరు సంగతి నీకు తెలుసా?"

చూపు నా పెదాల మీదే ఉంది.

తెలుసు అంటే ఏమవుతాది అని ఆలోచించినాను. ఆ చప్పట్ల సంగతి ఒక్కటే కాదు. ఉగాది, దీపావళి, అంతకుముందూ, నేను బాగుందన్న ప్రతిరోజూ పోతాది.

"తెలీదు," అన్నాను. "నాకూ ఇప్పుడే తెలిసినాది. ఎంత అన్యాయం చేసినారో చూడు."

ఇంకా కాసేపు నా నోటి వైపు చూసినాడు. తరవాత తల వంచుకొని అన్నం పెట్టమన్నాడు.

నమ్మినాడు. నమ్మినాడనే అనుకుంటున్నాను.

జూన్ 3, మంగళవారం

పొద్దున్న లియోంగ్ వచ్చి నాతో చెప్పినాడు. కిశోర్ ముందర తన దగ్గరికే వచ్చి అడిగినాడట. అప్పుడు లియోంగ్ అన్నీ చెప్పేసినాడట. పళ్ళు లేని నోటి మాట అందట్లేదని బోర్డు మీద రాసి మరీ చెప్పినాడట. రిహార్సల్, తెర, నేను సరే అనడం.

"ఆ తరవాత నిన్ను అడిగినాడా?" అన్నాడు లియోంగ్.

తలూపినాను.

"నువ్వేం చెప్పినావు శాంతా?"

లియోంగ్ కళ్ళజోడు తీసి చొక్కాతో తుడుచుకున్నాడు. "వాడు నిన్ను అడగడానికి వెళ్తున్నప్పుడు, శాంతా నాకు నిజం చెప్తాది అనుకుంటా వెళ్ళినాడు లా," అన్నాడు.

జూన్ 5, గురువారం

నా మొహం వైపు చూడడం మానేసినాడు.

కోపం చూపించడు. కంచం పెడితే తింటాడు. పిలిచేటప్పుడు భుజం తడితే లేస్తాడు. చూపు మాత్రం నా గెడ్డం కిందనే ఆగిపోతాది, మెడ మీదో, చేతుల మీదో. మాట్లాడితే ఎవరితో మాట్లాడినట్టు?

జూన్ 6, శుక్రవారం

చెయ్యి పట్టుకొని మొహం నా వైపు తిప్పుకున్నాను. కళ్ళు మూసుకున్నాడు.

జూన్ 10, మంగళవారం

బోర్డు మీద ఇంగ్లీషులో రాసినాను. వైరు సంగతి నాకు ముందే తెలుసు, నిజం చెబితే నువ్వు బాధపడతావని అలా చేసినాను, అని. ఆ కాస్త రాయడానికి పొద్దు సగం పట్టినాది. తన ముందర పెట్టి నిలబడినాను.

చదివినాడు. బలపం... కాదు, ఆ నల్ల పెన్ను తీసుకొని కింద రాసినాడు, "ఎప్పటి నుంచి?"

వైరు సంగతి కాదు అడిగేది. అది నాకు అర్థమైనాది. తన వాయింపు చెడిపోయి ఎన్నాళ్ళయిందో అడుగుతున్నాడు. నేను బాగుందన్నవాటిలో ఎన్ని నిజమో, ఆఖరి నిజం ఎప్పటిదో.

రాయాలని పెన్ను తీసుకున్నాను. ఎంత ఆలోచించినా నాకే గుర్తు రాలేదు. ఒకరోజని మొదలెట్టినది కాదు కదా. చెవులు కొంచెం కొంచెం పోతున్నప్పుడు నా అబద్ధం కూడా కొంచెం కొంచెం వచ్చినాది. తెలీదు అని రాసినాను. ఇది మాత్రం నిజం.

అది చదివి బోర్డు చేత్తో తుడిచేసినాడు.

జూన్ 15, ఆదివారం

గిటారు ముట్టుకోడు. మూల నిలబెట్టి ఉంది. దుమ్ము తుడవబోతే తల అడ్డంగా ఊపినాడు.

విగ్గు తీసి కోళ్ళ గుడిసెలో పారేసినాడు. పెట్ట దానిమీద పొదుగుతున్నాది.

జూన్ 21, శనివారం

లియోంగ్ కొడుకు ఇపో నుంచి వ్యాను తెచ్చినాడు. తన దగ్గరికి వచ్చేయమని కొన్నాళ్ళుగా అడుగుతున్నాడట, లియోంగ్ ఇప్పుడు ఒప్పుకున్నాడు. కిశోర్, లియోంగ్ ఒడ్డున చాలాసేపు కూచున్నారు. ఏం మాట్లాడుకున్నారో తెలీదు, బోర్డు వాళ్ళ మధ్యనే పెట్టుకున్నారు. డ్రమ్ములు వ్యానెక్కించలేదు. కొడుకు ఫ్లాటులో జాగా లేదట.

"నా వల్ల అయిందనుకోకు," అన్నాడు లియోంగ్ నాతో.

"అనుకోను," అన్నాను. అనుకుంటున్నాను. నిజం చెప్పినవాడి మీద కోపం తెచ్చుకోవడం ఎంత తేలికో.

వ్యాను పోయినాక ఒడ్డంతా చూసినాను. ఇంక మేమిద్దరమే.

జూన్ 28, శనివారం

మేనక ఫోను. ఏడుస్తున్నాది. వీడియో చూపించకుండా ఉండాల్సిందట. నీ తప్పు కాదన్నాను. "మీరు వచ్చీయండి అమ్మా, ప్లీస్ లా, రెండు పేరూ." ఈసారి సరేనందామనుకున్నాను.

బోర్డు మీద రాసి చూపించినాను. మేనక రమ్మంటోంది, వెళ్దామా, అని.

"నువ్వు ఎల్లు," అన్నాడు నోటితో. "నాను ఉంటాను."

ఎలా ఉంటావు, గ్యాసు మోత తెలీదు, బండి హారను తెలీదు, ఎవరైనా వచ్చి తలుపు కొడితే తెలీదు. ఇవన్నీ అన్నాను. తను సముద్రం వైపు చూస్తున్నాడు. గోడకి చెప్పినట్టే.

మేనకకి, ఇప్పుడు కాదులే, అని చెప్పినాను.

జులై 3, గురువారం

ఇవాళ ఒకటి కనిపెట్టినాను. వంటింట్లో నేను పాడుకుంటున్నాను, ఎప్పటివో ఆ ఒడ్డు పాటలు. తను గుమ్మంలో నిలబడి ఉన్నాడు. నా నోరు కదలడం చూసినాడు. ఒక్క క్షణం. పాట పోల్చుకున్నాడనుకున్నాను. గట్టిగా పాడినాను, పెదాలు బాగా కదిలేటట్టు.

తల తిప్పుకొని వెళ్ళిపోయినాడు.

జులై 4, శుక్రవారం

పాడడం మానేసినాను.

జులై 8, మంగళవారం

ఏమీ లేదు. చేపల కూర. 

జులై 14, సోమవారం

శివనేశన్ వచ్చినాడు. రిసార్టు బారులో పాతకాలం మూల ఒకటి పెడతారట, గోడకి తగిలించడానికి కిశోర్ గిటారు ఇస్తారేమో అడగమన్నారట పైవాళ్ళు. అడగడానికి వాడికీ సిగ్గుగానే ఉంది, కుర్చీ అంచున కూచున్నాడు.

నేను పొమ్మనబోతున్నాను. కిశోర్ శివనేశన్ నోటినే చూస్తున్నాడు, కష్టపడి. అరవం పెదాలు పోల్చుకున్నాడో, చెయ్యి గిటారు వైపు చూపించడం చూసినాడో, లేచి వెళ్ళి గిటారు తెచ్చి ఇచ్చేసినాడు. వైరు కూడా చుట్ట చుట్టి ఇచ్చినాడు.

శివనేశన్ అది పట్టుకొని నిలబడిపోయినాడు. "అంకుల్, మీరు బాగా వాయించినారు ఆ రోజు," అన్నాడు ఇంగ్లీషులో, విడమర్చి.

కిశోర్ నవ్వినాడు. ఆ నవ్వు చూసి శివనేశన్ తల దించుకున్నాడు.

వాడు వెళ్ళినాక నేను కిశోర్ ఎదురుగా వచ్చి నిలబడినాను. ఏదో ఒకటి అంటాడు, తిట్టినా తిడతాడు అని. పక్కనుంచి తప్పుకొని పోయి కోళ్ళకి నూకలు చల్లినాడు.

జులై 22, మంగళవారం

మధ్యాహ్నం కిటికీలు మూసి ఉన్నాయి. కిశోర్ బల్ల దగ్గర వల కుట్టుకుంటున్నాడు, నేను వెల్లుల్లి వలుస్తున్నాను. ఒక్కసారిగా రేకుల మీద వాన అందుకున్నాది. చెవులు చిల్లులు పడే మోత. ఇదివరకైతే ఇలాంటప్పుడు తను తలెత్తేవాడు, నేను "వాన" అనేదాన్ని, బయట బట్టలున్నాయేమో చూడమనేవాడు.

తలుపు సందులోంచి చల్లగాలి తగిలినాదేమో, చెయ్యి ఆపినాడు. ఇటు తిరిగినాడు, చూపు నా భుజం దాకా వచ్చినాది.

"వాన పడతంది," అన్నాను.

చూపు ఇంక పైకి రాలేదు. లేచి తలుపు కొంచెం తెరిచి చెయ్యి బయటికి చాపినాడు. తడిసిన అరచెయ్యి దగ్గరికి తెచ్చుకొని చూసుకున్నాడు. తలుపేసి వచ్చి మళ్ళీ కూచొని, వల ఒళ్ళోకి లాక్కున్నాడు.

"వాన పడతంది," అన్నాడు గట్టిగా, నాకు తెలీదేమో అన్నట్టు.

అవునన్నాను.